డాలస్‌లో మన జట్ల మ్యాచ్‌లు ఎందులో చూడాలి: యాంటెన్నా, యాప్, కేబుల్ మధ్య ఎంపిక

"అన్నా, మావ్స్ మ్యాచ్ ఏ ఛానెల్‌లో వస్తుంది?" ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కొత్తగా దిగిన మనవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. 2023లో అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి: బ్యాలీ స్పోర్ట్స్ సౌత్‌వెస్ట్. బాస్కెట్‌బాల్‌లో మావెరిక్స్ (మావ్స్ అంటే వీళ్లే), ఐస్ హాకీలో స్టార్స్, బేస్‌బాల్‌లో రేంజర్స్, మూడు జట్లూ ఆ ఒక్క ఛానెల్‌లోనే వచ్చేవి. ఇప్పుడు మూడింటివీ మూడు దారులు. అందుకే ఒక్కో దారికి ఎంత ఖర్చవుతుందో, ఏది ఎవరికి సరిపోతుందో మా ఇంట్లో చేసి చూసిన అనుభవంతో ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. డాలస్ చుట్టుపక్కల ఉండే కుటుంబం మొదట కొనాల్సింది యాంటెన్నా. తర్వాత ఒక ఉచిత యాప్ పెట్టుకోవాలి. జేబులోంచి డబ్బు తీయడం గురించి ఆలోచించాల్సింది రేంజర్స్ కోసం మాత్రమే, అదీ ఇంట్లో బేస్‌బాల్ నిజంగా చూసేవాళ్లు ఉంటేనే.

ఒక్క ఛానెల్ ఎందుకు చెదిరిపోయింది

ఇది తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. ప్రాంతీయ స్పోర్ట్స్ ఛానెల్ అంటే ఊరి జాతర చందా లాంటిది. నాటకం చూసేది పది ఇళ్లవాళ్లే అయినా చందా ఊరంతా ఇస్తుంది. కేబుల్ ఉన్న ప్రతి ఇంటి బిల్లులోనూ ఆ ఛానెల్‌కి నెలకు కొన్ని డాలర్లు పోయేవి, ఆట చూసినా చూడకపోయినా. ఆ డబ్బులోంచే జట్లకు పెద్ద మొత్తాలు ముట్టేవి. జనం కేబుల్ తీసేయడం మొదలుపెట్టాక చందా ఇచ్చే ఇళ్లు తగ్గాయి. జట్లకు ఇస్తామన్న మొత్తం మాత్రం ఒప్పందంలో రాసినట్టే ఉండిపోయింది.

మన ఛానెల్ 1983లో హోమ్ స్పోర్ట్స్ ఎంటర్‌టైన్‌మెంట్ పేరుతో మొదలై, చాలా ఏళ్లు ఫాక్స్ స్పోర్ట్స్ సౌత్‌వెస్ట్‌గా నడిచింది. ఫాక్స్ ఆస్తులు కొన్న డిస్నీ ఈ ప్రాంతీయ ఛానెళ్లను అట్టిపెట్టుకోలేకపోయింది. 2019లో సింక్లెయిర్ అనే సంస్థ 21 ఛానెళ్లను దాదాపు 1,000 కోట్ల డాలర్ల విలువ కట్టి, భారీగా అప్పు చేసి కొన్నది. 2021లో బ్యాలీ అని పేరు మారింది. 2023 మార్చిలో ఆ ఛానెళ్లను నడిపే డైమండ్ స్పోర్ట్స్ దివాలా కోర్టుకెక్కింది. 2024 అక్టోబర్‌లో ఫ్యాన్‌డ్యూయెల్ అని ఇంకో పేరు పెట్టారు. అప్పటికే డాలస్ జట్లు బయటికి నడవడం మొదలైంది. 2024 జూలైలో స్టార్స్, సెప్టెంబర్‌లో మావ్స్, 2025 జనవరిలో రేంజర్స్ తమ కొత్త దారులు ప్రకటించాయి. నలభై ఏళ్ల అలవాటు ఏడు నెలల్లో పోయింది.

అప్పట్లో మా ఇంట్లో కేబుల్ ఉండేది. కంపెనీ పేరు అనవసరం. బిల్లులో ప్రాంతీయ స్పోర్ట్స్ రుసుము అని విడిగా ఒక లైను ఉండేది. జట్లన్నీ వెళ్లిపోయాక కూడా ఆ లైను పోలేదు. మూడు నెలలు నేను గమనించలేదు. ఫోన్ చేస్తే, అది మీ ప్యాకేజీలో భాగం, విడిగా తీయలేం అన్నారు. మీ ఇంట్లో ఇంకా కేబుల్ ఉంటే ముందు బిల్లు తీసి ఆ లైను ఉందేమో చూడండి. ఉంటే, ఆ డబ్బుకు ఏ జట్టు మ్యాచ్‌లు చూస్తున్నారో లెక్క వేసుకోండి.

యాంటెన్నా: ఒకసారి కొంటే చాలు

మావెరిక్స్ మ్యాచ్‌లు 2024-25 సీజన్ నుంచి 29వ ఛానెల్, కేఎఫ్ఏఏలో గాల్లోనే వస్తున్నాయి. కొన్నిటిని దాని అక్క ఛానెల్ 8, డబ్ల్యూఎఫ్ఏఏ కూడా చూపిస్తుంది. నెలవారీ రుసుము ఏమీ లేదు. జట్టుకు సొంత స్ట్రీమింగ్ కూడా ఉంది కానీ దానికి డబ్బు కట్టాలి. యాంటెన్నా పనిచేసే ఇంటికి దాని అవసరం లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. సీజన్‌లో ఉన్న 17 మ్యాచ్‌లూ డాలస్‌లో యాంటెన్నా మీదే వస్తాయి. ఆదివారాలు ఎలాగూ ఫాక్స్ 4లోనో సీబీఎస్ 11లోనో ఎన్‌బీసీ 5లోనో ఉంటాయి. ఈఎస్‌పీఎన్‌కో ప్రైమ్‌కో నెట్‌ఫ్లిక్స్‌కో అమ్మిన మ్యాచ్ అయినా, ఆడే జట్టు సొంత ఊళ్లో మామూలు ఛానెల్‌లో చూపించాలన్నది ఆ ఆట లీగ్, ఎన్‌ఎఫ్‌ఎల్ నియమం. కౌబాయ్స్ కోసమని సండే టికెట్ అనే ప్యాకేజీ కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అది బయటి ఊళ్ల మ్యాచ్‌లకోసం పెట్టింది, మన ఊరి మ్యాచ్ అందులో రాదు.

యాంటెన్నా పెట్టడంలో కొన్ని మెలికలున్నాయి, వాటి గురించి కాస్త వివరంగా చెప్పాలి. డాలస్ ప్రధాన టీవీ టవర్లు ఊరికి నైరుతిలో, సీడర్ హిల్ గుట్టల మీద ఉన్నాయి. ఫ్రిస్కో, మెకిన్నీ, ప్రాస్పర్ వాళ్లు యాంటెన్నాను కొంచెం పడమరకు వాలిన దక్షిణ దిక్కుకు తిప్పాలి. అక్కడికి దాదాపు 40 మైళ్లు ఉంటుంది కాబట్టి కిటికీకి అంటించే పల్చటి కాగితం రకం చాలా ఇళ్లలో సరిపోదు. ఇర్వింగ్, కొప్పెల్ వాళ్లకు దూరం తక్కువ, చిన్నదే పనిచేయవచ్చు. కొనేటప్పుడు డబ్బా మీద వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అనే రెండు రకాల టీవీ తరంగాలనూ పట్టుకుంటుందని రాసి ఉందో లేదో చూడండి. డబ్ల్యూఎఫ్ఏఏ వీహెచ్ఎఫ్‌లో వస్తుంది. ఊళ్లో అన్నీ పట్టి 8 ఒక్కటే పట్టకపోతే కారణం చాలాసార్లు అదే.

మా ఇంట్లో మొదట పల్చటి రకమే టీవీ వెనక అంటించాను. 8 తప్ప అన్నీ వచ్చాయి. ఒక శనివారం పొద్దున, ఎండ ముదరకముందే, పెద్ద యాంటెన్నా పట్టుకుని అటకెక్కాను. తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న మామయ్యగారు హాల్లో టీవీ ముందు కూర్చున్నారు. ఫోన్ స్పీకర్లో ఆయన గొంతు: "వచ్చింది బాబూ... ఆగు, ఆగు... పోయింది. ఇందాకటి వైపే తిప్పు." నేను అటక దూలాల మీద మోకాళ్లతో పాకుతూ అర అంగుళం తిప్పడం, ఆయన "గళ్లు పడుతున్నాయి" అనడం. ఇరవై నిమిషాలకి 8 నిలబడింది. ఆయనకి చిన్నప్పటి డాబా గుర్తొచ్చినట్టుంది, కిందికి దిగేసరికి కాఫీ కలిపి ఉంచారు.

అటకలో పెట్టబోయే ముందు తలెత్తి పైకప్పు చెక్కల లోపలి వైపు చూడండి. టెక్సస్‌లో కొత్త ఇళ్లకు వేడి ఆపడానికి అక్కడ మెరిసే రేకు పొర వేస్తున్నారు. అది ఎండతో పాటు సిగ్నల్‌నీ ఆపేస్తుంది. అలాంటి ఇల్లయితే యాంటెన్నా బయటే పెట్టాలి. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోరేమో అని మానుకోకండి. స్థానిక టీవీ యాంటెన్నాను సొంత ఇంటి మీద పెట్టుకోవడాన్ని హెచ్ఓఏ నిషేధించకూడదని ప్రసారాలను నియంత్రించే కేంద్ర సంస్థ ఎఫ్‌సీసీ నియమం 1996 నుంచీ ఉంది. అపార్ట్‌మెంట్ అయితే మీ సొంత బాల్కనీ వరకే ఆ హక్కు. ఉమ్మడి గోడకూ పైకప్పుకూ వర్తించదు. యాంటెన్నా బిగించాక టీవీలో ఛానెల్ స్కాన్ చేయండి, కొన్ని నెలలకొకసారి మళ్లీ చేస్తూ ఉండండి.

లోటు కూడా చెప్పాలి. మావ్స్ మ్యాచ్‌లలో జాతీయ స్థాయిలో ప్రత్యేకంగా అమ్మేసినవి 29లో రావు. ఏబీసీ, ఎన్‌బీసీలకు వెళ్లినవి యాంటెన్నా మీదే దొరుకుతాయి. ఈఎస్‌పీఎన్, పీకాక్, ప్రైమ్‌లకు వెళ్లినవి వాటిలోనే చూడాలి. ప్రైమ్ ఎలాగూ మన ఇళ్లలో ఉంటుంది కాబట్టి పెద్ద కష్టం కాదు. ఆ కొన్ని మ్యాచ్‌ల కోసం మిగతా రెండూ ఏడాది పొడుగునా పెట్టుకోవడం నాకు నచ్చదు. ప్లేఆఫ్స్ వస్తే ఆ నెలకు తీసుకుని మానేయండి.

విక్టరీ ప్లస్: హాకీ ఉచితం

స్టార్స్ చేసిన పని నాకు ఎంతో నచ్చింది. కేబుల్ డబ్బు పోయాక అభిమాని దగ్గరే వసూలు చేస్తారనుకున్నాను. వాళ్లు ప్రకటనలతో నడిచే విక్టరీ ప్లస్ యాప్‌లో స్థానిక మ్యాచ్‌లన్నీ ఉచితంగా పెట్టారు. ఫోన్లోనో స్మార్ట్ టీవీలోనో యాప్ దించుకుని ఖాతా తెరిస్తే చాలు, కార్డు నంబరు అడగరు. ఈఎస్‌పీఎన్, టీఎన్‌టీ ప్రత్యేకంగా తీసుకున్నవి మాత్రం ఇందులో ఉండవు.

మనవాళ్లలో హాకీ చూసేవాళ్లు తక్కువ. మంచు మీద ఆట మనకెక్కడ తెలుసు! కానీ పైసా ఖర్చు లేదు కదా, ఒక్క నెల చూడండి. 2023, 2024, 2025 మూడేళ్లూ వరసగా పశ్చిమ విభాగం ఫైనల్ దాకా వెళ్లిన జట్టు ఇది. వ్యాఖ్యాత డారిల్ రే, అందరూ రేజర్ అంటారు, ఒకప్పటి గోల్‌కీపర్. గోలీ ఎందుకు ఒక అడుగు ముందుకొచ్చాడో, పక్కకు జారితే ఏం ఖాళీ అవుతుందో ఆయన చెప్తుంటే ఆట తెలియనివాడికి కూడా బోధపడుతుంది. మా అమ్మాయికి ఆఫ్‌సైడ్ నేర్పింది నేను కాదు, ఆయనే.

స్ట్రీమింగ్‌లో ఒక ఇబ్బంది ఉంది. మైదానంలో జరిగింది మన తెరమీదికి రావడానికి అర నిమిషం దాకా ఆలస్యం అవుతుంది. వాట్సాప్ గ్రూపులో ఎవరో "గోల్!" అని పెట్టేస్తారు, మన టీవీలో ఇంకా పక్ (హాకీ బిళ్ల) ఆ చివరే ఉంటుంది. మ్యాచ్ అయ్యేదాకా గ్రూపు సైలెంట్‌లో పెట్టుకోండి. యాంటెన్నాలో ఈ బాధ చాలా తక్కువ.

రేంజర్స్: డబ్బు పెట్టాల్సిన చోటు

రేంజర్స్ సొంతంగా రేంజర్స్ స్పోర్ట్స్ నెట్‌వర్క్ పెట్టుకున్నారు. డైరెక్ట్‌టీవీ, స్పెక్ట్రమ్ లాంటివి ఉన్నవాళ్లకు అందులోనే వస్తుంది. లేనివాళ్లకు అదే విక్టరీ ప్లస్‌లో అమ్ముతారు, ఇది మాత్రం ఉచితం కాదు. 2025 సీజన్‌కి సుమారు 100 డాలర్లు తీసుకున్నారు. ఆ ఏడాది కొన్ని శుక్రవారం మ్యాచ్‌లు 33వ ఛానెల్‌లో యాంటెన్నా మీద కూడా ఇచ్చారు. ధర, ఉచిత మ్యాచ్‌ల సంఖ్య సీజన్ సీజన్‌కీ మారే విషయాలు, మార్చి చివర్లో ఆట మొదలయ్యే ముందు ఒకసారి సరిచూసుకోండి.

100 డాలర్లు ఎక్కువా తక్కువా అన్నది ఎన్ని మ్యాచ్‌లు చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. సీజన్‌లో ఒక్కో జట్టుకి 162 మ్యాచ్‌లు. నలభై చూస్తే ఒక్కోదానికి రెండున్నర డాలర్లు పడుతుంది. పది చూసేవాళ్లకు పది డాలర్లు, అప్పుడు దండగే. నా సలహా ఏమిటంటే, వారానికి కనీసం రెండు సాయంత్రాలు చూసే మనిషి ఇంట్లో ఉంటే కొనండి.

మా ఇంట్లో ఆ మనిషి మామయ్యగారే అవుతారని నేను ఊహించలేదు. ఆయన ఆరు నెలలకని వచ్చారు. పగలంతా మేం ఆఫీసు, పిల్లలు బడి, కారు నడపడం ఆయనకి రాదు. ఏప్రిల్‌లో ఒక రోజు పక్కన కూర్చోబెట్టుకుని క్రికెట్‌తో పోల్చి చెప్పాను: ఓవర్లు లేవు, మూడు అవుట్లకి ఇన్నింగ్స్ సగం, విసిరిన బంతి నేల మీద పడకుండానే బ్యాటు దగ్గరికి వస్తుంది. వారం తిరిగేసరికి ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టారు. బేస్‌బాల్ దాదాపు రోజూ ఉంటుంది, సీరియల్ లాగ. రాత్రి ఏడూ అయిదుకి మొదలు, పదింటికల్లా ముగింపు. ఏడింటికే అన్నం ముగించి కుర్చీ సర్దుకునేవారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్లకు సాయంత్రాలు ఎంత పొడుగ్గా ఉంటాయో తెలిసినవాడిగా చెప్తున్నాను, ఆ డబ్బు మా ఇంట్లో అన్నిటికంటే బాగా ఖర్చయింది. ఇంట్లో అమ్మానాన్నలో అత్తమామలో వేసవికి వస్తుంటే నా రెండు సాయంత్రాల లెక్క పక్కన పెట్టేసి కొనండి.

డబ్బు పెట్టకూడదనుకుంటే రేడియో ఉంది, 105.3 ఎఫ్ఎం. ఎరిక్ నడెల్ 1979 నుంచి రేంజర్స్ ప్రసారాల్లో ఉన్న మనిషి, ఆ వృత్తికి ఇచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డు 2014లో అందుకున్నారు. ఆఫీసు నుంచి టోల్‌వే మీద ఇంటికొచ్చేటప్పుడు ఆయన గొంతు వింటుంటే ట్రాఫిక్ అంతగా తెలియదు.

లీగ్ పాస్, ఎంఎల్‌బీ టీవీ: కొనే ముందు ఆగండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. "ఎన్‌బీఏ మ్యాచ్‌లన్నీ" అన్న ప్రకటన చూసి ఆ బాస్కెట్‌బాల్ లీగ్ అమ్మే లీగ్ పాస్ కొంటారు, మావ్స్ మ్యాచ్ నొక్కితే నల్లటి తెర, మీ ప్రాంతంలో అందుబాటులో లేదని ఒక వాక్యం. దీన్నే బ్లాకౌట్ అంటారు. స్థానిక ఛానెల్‌కి హక్కులు అమ్మారు కాబట్టి ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకు లీగ్ సొంత యాప్‌లో ప్రత్యక్ష ప్రసారం ఉండదు. బేస్‌బాల్ లీగ్ అమ్మే మామూలు ఎంఎల్‌బీ టీవీ ప్యాకేజీలో రేంజర్స్‌కీ ఇదే నియమం.

మరి ఇవి ఎవరికి? వేరే ఊరి జట్టును వదలలేని వాళ్లకు. బే ఏరియా నుంచి మారి వచ్చి ఇంకా అక్కడి జట్టు వారియర్స్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు లీగ్ పాస్ బాగా పనికొస్తుంది. లూకా అభిమానులకు మాత్రం ఒక మాట చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో మావ్స్ తమ స్టార్ ఆటగాడు లూకా డాన్చిచ్‌ను లాస్ ఏంజలెస్ జట్టు లేకర్స్‌కి ఇచ్చేసినప్పుడు మా మిత్రుల్లో సగం మంది లీగ్ పాస్ కొందామన్నారు. ఆ బాధ నాకూ తెలుసు, ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు. కానీ లేకర్స్ మ్యాచ్‌లు జాతీయ ఛానెళ్లు ఎక్కువగా తీసుకుంటాయి, జాతీయ ప్రసారం ఉన్నది లీగ్ పాస్‌లో ప్రత్యక్షంగా రాదు. కొన్నాక చూడదలచుకున్న పెద్ద మ్యాచ్‌లే అందులో లేకుండా పోతాయి. ఆయన కోసమైతే ప్రైమ్, ఏబీసీ, ఎన్‌బీసీల్లో వచ్చేవాటితో సరిపెట్టుకోవడం మేలు. అదే ఏడాది జూన్‌లో లీగ్‌లోకి వచ్చే కొత్త ఆటగాళ్ల ఎంపికలో మావ్స్ అందరికంటే మొదట కూపర్ ఫ్లాగ్‌ను తీసుకున్నారు. ఆ కుర్రాడి ఆట 29లో ఉచితంగా ఉంది.

అన్నీ కలిపిన ప్యాకేజీ

యూట్యూబ్ టీవీ లాంటివి ఒకే చోట అన్నీ కావాలనుకునే వాళ్లకు సుఖమే, రికార్డింగ్ కూడా ఉంటుంది. 2025 జనవరి నుంచి దాని మూల ధర నెలకు 82.99 డాలర్లు, ఏడాదికి 996 దాకా అవుతుంది. డాలస్ మూడు జట్ల కోసమే అయితే అంత పెట్టడం నాకు సమంజసంగా తోచదు. వార్తలకూ ఈఎస్‌పీఎన్‌కూ ఇంట్లో వేరే సీరియళ్లకూ ఎలాగూ కావాలంటే అది వేరే లెక్క. అలా తీసుకునేవాళ్లు "స్పోర్ట్స్ ఉన్నాయా?" అని అడగొద్దు. కేఎఫ్ఏఏ 29 ఉందా, రేంజర్స్ స్పోర్ట్స్ నెట్‌వర్క్ ఉందా అని పేరుపెట్టి అడగండి. స్పోర్ట్స్ ఉన్నాయనే అందరూ చెప్తారు, ఈ రెండు పేర్ల దగ్గరే అసలు సంగతి తేలుతుంది.

ఎఫ్‌సీ డాలస్ సాకర్ చూసేవాళ్లకు దారి ఒకటే, ఆపిల్ టీవీ. ఇదివరకు విడిగా సీజన్ పాస్ కొనాల్సి వచ్చేది, 2026 నుంచి మామూలు ఆపిల్ టీవీ చందాలోనే సాకర్ లీగ్ ఎంఎల్ఎస్ కలిపేశారు. క్రికెట్‌కి విల్లో అనే ఛానెల్ దేశమంతటికీ ఒకటే. గ్రాండ్ ప్రెయిరీలో ఆడే మన ప్రాంతపు క్రికెట్ జట్టు టెక్సస్ సూపర్ కింగ్స్ మ్యాచ్‌లకు డాలస్‌లో ఉన్నామని బ్లాకౌట్ బాధ లేదు.

మా ఇంటి ఏర్పాటు ఇది: అటకలో యాంటెన్నా, టీవీలో విక్టరీ ప్లస్, వేసవిలో రేంజర్స్ పాస్, క్రికెట్ రోజుల్లో విల్లో. కేబుల్ తీసేసిన నెల మా ఆవిడ కాస్త కంగారు పడింది, ఇప్పుడు 29 ఏ బటనో నాకంటే ఆవిడకే బాగా తెలుసు. పిల్లలు చిన్నవాళ్లయి, ఎవరూ ఏ జట్టునూ ప్రత్యేకంగా చూడని ఇల్లయితే యాంటెన్నా ఒక్కటితో మొదలుపెట్టి ఆరు నెలలు ఆగండి. వాళ్లకు ఏది పట్టుకుంటుందో అప్పటికి మీకే తెలుస్తుంది.

మామయ్యగారు తెనాలి తిరిగి వెళ్లిపోయారు. ఇక్కడి రాత్రి ఏడూ అయిదు అక్కడ తెల్లవారి అయిదూ ముప్పై అయిదు. కాఫీ తాగుతూ ఫోన్లో స్కోరు చూస్తారు, ఆరున్నరకల్లా నాకు మెసేజ్ వస్తుంది: "ఆ పిచ్చర్ని ఇంకా ఎందుకు ఉంచారు బాబూ?" వచ్చే మార్చిలో మళ్లీ వస్తున్నారు, ఆట మొదలయ్యేలోపే పాస్ కొని పెట్టాలి.